కొత్త పీసీకి బ్లూరే డ్రైవ్ పెట్టించుకోవాలా, డౌన్‌లోడ్లతో సరిపెట్టుకోవాలా?

పాతపెట్టె
పదకొండేళ్ళు నడిచిన పీసీ మొన్న చిన్న పొగతో కన్నుమూసింది. కొత్తది అసెంబుల్ చేయించుకుందామని కేబినెట్లు చూస్తుంటే ఒక్కదానికీ ముందువైపు డిస్క్ డ్రైవ్ పెట్టే చోటే లేదు, మొత్తం గాజు, లోపల రంగురంగుల లైట్లు. అడిగితే ఆ కుర్రాడు ఇంకా డిస్కులెవరు వాడుతున్నారు సార్ అని నవ్వాడు. నేనే వాడుతున్నా నాయనా, నా దగ్గర 140 బ్లూరేలు, అదే హెచ్‌డీ సినిమా డిస్కులు, ఉన్నాయి.

సరే అని ఫ్రెండ్ దగ్గర యూఎస్‌బీ బ్లూరే డ్రైవ్ అరువు తెచ్చి లాప్‌టాప్‌కి తగిలించా. డిస్క్ పేరు కనిపిస్తోంది, లోపల ఫోల్డర్లు కనిపిస్తున్నాయి, సినిమా మాత్రం ఆడదు. విండోస్‌కి అసలు బ్లూరే సినిమా ఆడించడమే రాదట! పోనీ ఆ సినిమానే ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్నా, పక్కన 4కె అని ముద్ర కూడా ఉంది, తీరా బ్రౌజర్‌లో పెడితే మసక మసగ్గా ఉంది. టీవీ కింద పడున్న చిన్న బ్లూరే ప్లేయర్ డబ్బా ఆడించేదాన్ని అంతకు పదింతలు బలమున్న కంప్యూటర్ ఆడించలేకపోవడం ఏంటో నాకు అంతుపట్టట్లేదు. ఇంట్లో కంప్యూటర్ అన్నాక హెచ్‌డీ డిస్క్ ఆడాలా వద్దా? లేక డౌన్‌లోడ్ ఒక్కటుంటే చాలంటారా?

బఫరింగ్_బాబు
140 ఆ!! మా పాప బ్లూరే చూసి అద్దం అనుకుని బొట్టు దిద్దుకుంది భయ్యా

వేగం100
ఆ కుర్రాడు నవ్వడంలో తప్పేం లేదు. నేను ఆరేళ్ళుగా డ్రైవ్ లేకుండానే ఉన్నా, ఒక్కరోజు కూడా అవసరం పడలేదు. నెట్ ఉంది, నొక్కితే వస్తుంది, లేచి డిస్క్ మార్చే పని లేదు. డ్రైవ్ అంటే ఇంకో కదిలే పార్ట్, ఇంకో గోల.

నీలికిరణం
వేగం100, నొక్కితే వచ్చేది ఏంటో ఒకసారి లెక్కేద్దాం. స్ట్రీమింగ్‌లో 1080పీ అంటే సెకనుకి 5 మెగాబిట్లు అటూ ఇటూ. రెండు గంటల సినిమాకి నాలుగున్నర జీబీ అవుతుంది, అంటే మామూలు డీవీడీలో పట్టేసేంత! బ్లూరే ఒక పొర 25 జీబీ, రెండు పొరలైతే 50. అందులో బొమ్మ ఒక్కదానికే సెకనుకి 40 మెగాబిట్ల దాకా వాడుకోవచ్చు. రెండింటి మీదా 1080పీ అనే రాస్తారు, పిక్సెళ్ళూ అన్నే, కానీ ఒక్కో పిక్సెల్‌కి దక్కే డేటా వేరు. చీకటి సీన్లు చూడండి, స్ట్రీమ్‌లో నలుపు మెట్లు మెట్లుగా విరుగుతుంది, పొగ, వాన, ఫిల్మ్ మీది గరుకు ఉంటే బొమ్మ పాకం పాకంగా అయిపోతుంది. సౌండ్ ఇంకా ఘోరం, డిస్కులో డాల్బీ ట్రూహెచ్‌డీ లాంటిది ఏమీ పోకుండా వస్తుంది, స్ట్రీమ్‌లో పిండేసిన డాల్బీ డిజిటల్ ప్లస్.

ఇక అల్ట్రా హెచ్‌డీ బ్లూరే, అంటే 4కె డిస్క్ అయితే 100 జీబీ దాకా పోతుంది. దాన్ని ఏ స్ట్రీమింగూ అందుకోదు.

వేగం100
కోడెక్‌లు, అంటే బొమ్మని కుదించే పద్ధతులు, మారలేదా మాస్టారూ? 5 మెగాబిట్లు అని పాత హెచ్.264 లెక్క పట్టుకుని కూర్చున్నారు. హెచ్ఈవీసీ, ఏవీ1 వచ్చాక అదే బొమ్మ ఇంకా తక్కువలో వస్తోంది. పైగా 14 అంగుళాల లాప్‌టాప్ మీద ఆ మెట్లు ఎవడికి కనిపిస్తాయండీ. భూతద్దం పెట్టుకుని సినిమా చూస్తారా?

నీలికిరణం
కనిపించని వాళ్ళు అదృష్టవంతులు, కాదన్ను. నాకు కనిపిస్తాయి, అదే నా ఖర్మ.

మల్లన్న_404
పాతపెట్టె అన్నా, గదే బాధ నాకు కూడ అయింది. డ్రైవ్‌తోటి ఒక సీడీ ఇచ్చిండ్రు, అండ్ల ప్లేయర్ సాఫ్ట్‌వేర్ ఉంది, వేస్తె మంచిగనే నడిచింది. రెండేండ్లయినంక కొత్త సినిమా పెడితే అప్‌డేట్ చెయ్యాలె అన్నది, అప్‌డేట్ కొడితే కొత్త వర్షన్ కొనుక్కో అన్నది. డిస్కు నాది, డ్రైవు నాది, కంప్యూటరు నాది, మరి గీ మధ్యల పంచాయితీ ఎవనిదో నాకు సమజ్ కాలే.

లైనక్స్_లింగం
దేవుడు కరుణించినా పూజారి కరుణించడు అంటారే, అచ్చం అదే.

మల్లన్నకి అయింది ఏంటంటే, బ్లూరేలో డేటా అంతా ఏఏసీఎస్ అనే తాళం వేసి ఉంటుంది. ప్రతి ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌కీ తన సొంత తాళంచెవులు ఇస్తారు. ఎవరైనా ఆ చెవులు బయటికి లాగేస్తే ఆ తర్వాత అచ్చయ్యే డిస్కుల్లో వాటిని రద్దు చేస్తారు. 2007లో ఇదే జరిగింది, విన్‌డీవీడీ అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్ నుంచి చెవులు బయటపడితే వాటిని రద్దు చేశారు, నిజాయితీగా డబ్బు పెట్టి కొనుక్కున్న వాళ్ళంతా అప్‌డేట్ చేసుకుంటే తప్ప కొత్త డిస్కులు ఆడలేదు. ఆ ఏడాది మే నెలలోనే అలా బయటపడిన ఒక తాళంచెవిని, 32 అంకెలూ అక్షరాల నంబర్ని, తీసేస్తున్నారని డిగ్ అనే వార్తల లింకుల సైట్లో జనం తిరగబడి మొదటి పేజీ మొత్తం దాంతోనే నింపేశారు.

టీవీ కింద డబ్బా ఎందుకు ఆడిస్తుంది అన్నావ్ కదా. ఆ డబ్బా మూసిన పెట్టె, లోపల మెమరీలో ఏం జరుగుతోందో నువ్వు చూడలేవు. కంప్యూటర్ నీ చేతిలో ఉంటుంది, ఏదైనా తెరిచి చూడగలవు. అందుకే స్టూడియోలకి కంప్యూటర్ అంటే భయం. బలం చాలక కాదు తమ్ముడూ, బలం ఎక్కువై.

బఫరింగ్_బాబు
ఆ 32 అక్షరాలు నాకు గుర్తున్నాయి, చెప్పనా

కావలి_మోడ్
చెప్పొద్దు. కీలు, లింకులు, క్రాక్‌లు ఇక్కడ పెట్టకండి, పోస్ట్ తీసేస్తాను. మిగతా చర్చ కానివ్వండి.

బఫరింగ్_బాబు
ఊరికే అన్నా సార్, నాకు నా ఫోన్ నంబరే గుర్తుండదు

గుండ్రటిబిళ్ళ
విండోస్ సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. విండోస్‌లో బ్లూరే సినిమా ప్లేబ్యాక్ ఏ వర్షన్‌లోనూ లేదు, ఎప్పుడూ లేదు. ఉన్న డీవీడీ ప్లేబ్యాక్‌ని కూడా 2012లో విండోస్ 8తో మామూలు ఎడిషన్ నుంచి తీసేశారు. డ్రైవ్ లేని మెషీన్లు ఎక్కువవుతున్నాయి, ప్రతి కాపీకీ డీకోడర్ రాయల్టీ ఎందుకు కట్టాలి అని వాళ్ళ లెక్క. ఆపిల్ అయితే ఇంకా ముందే, 2008లోనే స్టీవ్ జాబ్స్ బ్లూరే లైసెన్సింగ్ ఒక పెద్ద తలనొప్పి అనే అర్థంలో తేల్చేశాడు, బ్లూరే డ్రైవ్‌తో మ్యాక్ ఒక్కటీ రాలేదు.

తమాషా ఏంటంటే అదే 2008 ఫిబ్రవరిలో తోషిబా బ్లూరేకి పోటీగా తెచ్చిన హెచ్‌డీ డీవీడీని వదిలేసింది, యుద్ధం బ్లూరే గెలిచింది. గెలిచిన ఏడాదే కంప్యూటర్ల గుమ్మం ముందు ఆగిపోయింది.

అంచులగీత
హెచ్‌డీ డీవీడీ డ్రైవ్ కొన్న మహానుభావుల్లో నేనొకణ్ణి. 30 జీబీ చాలదా అని వాదించాను కూడా, ఏ ఫోరమో గుర్తులేదు, గుర్తుండకపోవడమే మంచిది. నా దగ్గరున్న ఆ డిస్కుల్లో ఇప్పుడు సగం చదవట్లేదు, డ్రైవ్ పోయిందా డిస్కే కుళ్ళిందా తెలుసుకోడానికి ఇంకో డ్రైవ్ దొరకదు.

వేగం100
ఇదిగో, నేను చెప్పేది ఇదే! డిస్క్ అంటే శాశ్వతం అని పాట పాడుతున్నారు కదా, చూడండి మరి. ప్లేయర్లు చేసేవాళ్ళు కూడా తగ్గిపోతున్నారు, శామ్‌సంగ్ 2019లో అమెరికా మార్కెట్‌కి కొత్తవి ఆపేసింది, ఎల్‌జీ 2024లో మానేసింది, సోనీ అయితే 2025 ఫిబ్రవరిలో బ్లూరే డిస్కుల తయారీయే ఆపేసింది.

నీలికిరణం
ఆగండాగండి. సోనీ ఆపింది మనం రాసుకునే ఖాళీ డిస్కులు. సినిమా అచ్చేసి అమ్మే డిస్కులు వేరు, అవి వస్తూనే ఉన్నాయి. ఈ వార్త వచ్చిన రోజు నుంచి బ్లూరే చచ్చిపోయింది అన్న కనీసం ఇరవై మందికి ఇదే జవాబు రాశా, వేళ్ళు అరిగిపోతున్నాయి.

వేగం100
సరే ఖాళీవే. కానీ దారి ఎటు పోతోందో కనిపిస్తోందిగా.

కిటికీపక్క_సీటు
నేను డౌన్‌లోడ్ వైపు, కానీ వేగం100 గారి కారణం కాదు నాది. మా నాన్నగారికి చూపు బాగా తగ్గింది, వినికిడి కూడా అంతంతే. సబ్‌టైటిల్స్ లేకపోతే ఆయనకి సినిమా లేదు. బ్లూరేలో సబ్‌టైటిల్ అక్షరాలు కావు, బొమ్మలు. అక్షరాల్లా పెద్దవి చేద్దామంటే కుదరదు, రంగు మారుద్దామంటే చాలా ప్లేయర్లలో వీలే లేదు. అదే ఫైల్‌తో పాటు టెక్స్ట్ సబ్‌టైటిల్ ఉంటే తెర మీద మూడో వంతు వచ్చేంత అక్షరాలు పెట్టి, పసుపు రంగు వేసి, నల్ల పట్టీ మీద పెడతాను. ఆయన హాయిగా చూస్తారు. 50 జీబీ ఉన్నా 100 జీబీ ఉన్నా ఈ పని డిస్క్ చేయలేదు. క్వాలిటీ అంటే బిట్‌రేట్ ఒక్కటేనా?

నీలికిరణం
ఇది నేను ఆలోచించనే లేదు. ఒప్పుకుంటున్నా.

మల్లన్న_404
నీలికిరణం ఒప్పుకున్నడు!! స్క్రీన్‌షాట్ తీస్కోండ్రి

అర్థశాస్త్రి
మొదటి నుంచి చదువుతున్నా, అందరూ డౌన్‌లోడ్ డౌన్‌లోడ్ అంటున్నారు కానీ ఒక్కొక్కరూ ఒక్కో వస్తువు గురించి మాట్లాడుతున్నారు. వేగం100 చెప్పేది స్ట్రీమింగ్. కిటికీపక్క గారు చెప్పేది చేతిలో ఉండే ఫైల్. పాతపెట్టె కొన్నది ఈ రెండూ కాదు, స్టోర్ వాళ్ళు ఉన్నంత కాలం, వాళ్ళ యాప్‌లో, వాళ్ళు ఒప్పుకున్న క్వాలిటీలో చూసుకునే అనుమతి. కొనండి అని బటన్ మీద ఉంటుంది, లోపల షరతుల్లో లైసెన్స్ అని ఉంటుంది. ఇల్లు అమ్మి తాళంచెవి తన మొలకే కట్టుకున్నట్టు.

2023 డిసెంబర్లో సోనీ ప్లేస్టేషన్ స్టోర్‌లో డిస్కవరీ షోలు కొన్నవాళ్ళకి నెలాఖరుకల్లా మీ లైబ్రరీలోంచి అవి పోతాయి అని చెప్పింది. గొడవైతే మళ్ళీ ఒప్పందం కుదిరిందని వెనక్కి తగ్గింది అనుకోండి. అల్ట్రావయొలెట్ అని స్టూడియోలు కలిసి పెట్టిన డిజిటల్ లాకర్ 2019 జులై 31న మూతపడింది. కాలిఫోర్నియాలో దీని మీద చట్టమే వచ్చింది, 2025 జనవరి నుంచి అమలు. లైసెన్స్ మాత్రమే ఇస్తూ కొనండి అని రాస్తే ఆ సంగతి కొనేవాడికి తేటగా చెప్పాలి. అందులో నాకు నచ్చిన ముక్క ఏంటంటే, నెట్ లేకుండా ఎప్పటికీ ఉంచుకునేలా ఫైల్ చేతికిచ్చేస్తే ఈ రూల్ వర్తించదు. అంటే చట్టం కూడా అసలు డౌన్‌లోడ్‌నీ అద్దె డౌన్‌లోడ్‌నీ వేరుగానే చూస్తోంది, మనమే కలిపేస్తున్నాం.

పాతపెట్టె
అర్థశాస్త్రి గారు సరిగ్గా పట్టుకున్నారు. నేను కొన్న దాంట్లో డౌన్‌లోడ్ బటన్ ఉంది, కానీ అది ఫోన్ యాప్‌లోనే ఉంది, కంప్యూటర్‌లో లేదు.

లైనక్స్_లింగం
బ్రౌజర్‌లో మసక ఎందుకో కూడా చెప్తా. అక్కడా ఇదే నమ్మకం గొడవ. బ్రౌజర్‌లో తాళం తీసే పని సాఫ్ట్‌వేర్‌లో జరిగితే దాన్ని తక్కువ స్థాయి భద్రతగా లెక్కేస్తారు, అందుకని కొన్ని సర్వీసులు 720పీ దగ్గరే ఆపేస్తాయి. ఫోన్‌లోనూ టీవీలోనూ హార్డ్‌వేర్‌లో జరుగుతుంది కాబట్టి వాటికి పూర్తి బొమ్మ. లైనక్స్ వాడే నాకైతే ఇంకా తక్కువ ఇస్తారు, మేమసలు లిస్టులోనే ఉండం. అంటే పాతపెట్టె, డిస్క్ పెట్టినా డౌన్‌లోడ్ పెట్టినా నీ కంప్యూటర్ మీద అనుమానం ఒకటే.

అంచులగీత
దాని మీద హెచ్‌డీసీపీ ఒకటి, మానిటర్‌కి వెళ్ళే కేబుల్ మీద కూడా బొమ్మకి తాళం. నా పాత మానిటర్‌కి అది రాదు, సినిమా మొదలుపెడితే నల్ల తెర, మౌస్ బాణం మాత్రం మెరిసిపోతూ కనిపిస్తుంది.

రాత్రిగుడ్లగూబ
4కె డిస్కుల కథ చెప్తే నవ్వుతారు. నేను సరిగ్గా ఆ పనికోసమే పీసీ కట్టుకున్నా. అల్ట్రా హెచ్‌డీ బ్లూరేని పీసీలో అధికారికంగా ఆడించాలంటే అప్పట్లో ఇంటెల్ ప్రాసెసర్లో ఎస్‌జీఎక్స్ అనే భద్రమైన అర ఉండాలి, మదర్‌బోర్డ్ దాన్ని ఒప్పుకోవాలి, మానిటర్‌కి హెచ్‌డీసీపీ 2.2 ఉండాలి, డ్రైవ్ కూడా అదే రకం అయ్యుండాలి, ఏఎమ్‌డీ ప్రాసెసర్ అయితే అసలు ఆశే పెట్టుకోవద్దు. అన్నీ వెతికి వెతికి కుదుర్చుకుని, మూడు రాత్రులు బయోస్ సెట్టింగుల్లో తిరిగి, చివరికి సినిమా పెట్టుకుని చూశా, అద్భుతంగా ఉంది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, సినిమాకి కాదు. తర్వాత కొన్నాళ్ళకి ఆటలకోసం కొత్త తరం ప్రాసెసర్‌కి మారా. 11వ తరం నుంచి ఇంటెల్ మామూలు కోర్ ప్రాసెసర్లలోంచి ఆ ఎస్‌జీఎక్స్‌నే తీసేసింది! కొత్తది, ఖరీదైంది, పాతదాని కంటే వేగమైంది, అదే డిస్క్ ఆడించలేదు. అప్‌గ్రేడ్ చేస్తే డౌన్‌గ్రేడ్ అయిన మొదటి మనిషిని నేనే అయ్యుంటా.

బఫరింగ్_బాబు
మరి ఆ పాత ప్రాసెసర్ ఏం చేశావ్

రాత్రిగుడ్లగూబ
అమ్మేశా. అడక్కు ఇంక.

వేగం100
రాత్రిగుడ్లగూబ పోస్ట్ చదివాక కూడా కంప్యూటర్‌కి డిస్క్ కావాలనే వాళ్ళకి దండం.

నీలికిరణం
అదేంటండీ, దాన్నిబట్టి తప్పు డిస్క్‌దా? దాని చుట్టూ కట్టిన కంచెది. డిస్క్ పాపం 12 సెంటీమీటర్ల ప్లాస్టిక్, నీలి లేజర్ వేస్తే చదువుతుంది అంతే. మామూలు బ్లూరే అయితే ఇప్పటికీ ఏ యూఎస్‌బీ బ్లూరే డ్రైవ్‌తోనైనా చదవొచ్చు, ఎస్‌జీఎక్స్ గోల లేదు. పాతపెట్టె దగ్గరున్నవి మామూలువే అయితే డబ్బిచ్చి కొనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకుంటే సరిపోతుంది.

లైనక్స్_లింగం
లేకపోతే వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్. 2012లో 2.0 నుంచి బ్లూరే వైపు అడుగేసింది, కానీ తాళం ఉన్న డిస్కులకి విడిగా లైబ్రరీ, కీల ఫైల్ కావాలి. అక్కడి నుంచి మోడ్ గారు ఊరుకోరు కాబట్టి ఆపేస్తున్నా.

కావలి_మోడ్
మంచిది.

గుండ్రటిబిళ్ళ
నేనైతే నా డిస్కులన్నీ ఒకసారి ఫైళ్ళుగా మార్చుకుని హార్డ్ డిస్కులో పెట్టుకున్నా, ఇంట్లో ఏ తెర మీదైనా జెల్లీఫిన్ అనే సొంత మీడియా సర్వర్‌తో చూసుకుంటాం. డిస్కులు అటక మీద. క్వాలిటీ డిస్క్‌ది, సుఖం డౌన్‌లోడ్‌ది. పాతపెట్టెకి 140 కదా, ఒక్కోటి 35 జీబీ వేసుకున్నా దాదాపు 5 టీబీ. ఒక్క హార్డ్ డిస్క్.

అర్థశాస్త్రి
సొంత డిస్క్ అయినా తాళం పగలగొట్టడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, అమెరికాలో 1998 నాటి డీఎమ్‌సీఏ అనే కాపీరైట్ చట్టం నుంచి ఉన్న మాటే. అది చెప్పకుండా సలహా ఇవ్వడం బాగోదు.

గుండ్రటిబిళ్ళ
చెప్పారుగా ఇప్పుడు. నేను ఎవరికీ పంచట్లేదు, అమ్మట్లేదు. కొన్న చొక్కాకి గుండీ మార్చుకున్నట్టే నాకు. చట్టం ఒప్పుకోదంటే చట్టమే వెనకబడిందంటాను.

అర్థశాస్త్రి
న్యాయం మీ వైపు ఉండొచ్చు, చట్టం లేదు. అంతే నేనన్నది.

అంచులగీత
ఒక్క హార్డ్ డిస్క్ అని తేలిగ్గా అనకు గుండ్రటిబిళ్ళా. నాది ఒకటి టిక్కు టిక్కుమంటూ 3 టీబీతో పోయింది. రెండు కాపీలు పెట్టుకుని ఒకటి వేరే చోట దాచాలి. అప్పుడే అటక మీద డిస్కుల విలువ తెలుస్తుంది.

వేగం100
చూస్తున్నారా, సినిమా చూడ్డానికి ఇప్పుడు రెండు హార్డ్ డిస్కులు, ఒక సర్వర్, ఒక అటక, ఒక లాయరు.

మల్లన్న_404
😂 లాయర్ ఫీజు సినిమాకన్న ఎక్కువ

కిటికీపక్క_సీటు
నవ్వులాటలు సరే, నెట్ అందరికీ ఒకేలా లేదు కదండీ. 50 జీబీ ఫైల్‌ని 20 మెగాబిట్ల కనెక్షన్ మీద దించాలంటే ఐదున్నర గంటలు పడుతుంది, అదీ మధ్యలో తెగకుండా ఉంటే. డేటా పరిమితి ఉన్నవాళ్ళకి నెలకి మూడు నాలుగు సినిమాలతో అయిపోతుంది. అలాంటి ఇంటికి డిస్క్ ఇప్పటికీ అన్నిటికంటే వేగమైన డౌన్‌లోడే. నేను ఫైల్ వైపు అన్నా కానీ కంప్యూటర్‌లోంచి డిస్క్ తీసేయాలి అనను.

నీలికిరణం
అన్నిటికంటే వేగమైన డౌన్‌లోడ్!! ఈ మాట నేను అనాల్సింది.

గుండ్రటిబిళ్ళ
పాతపెట్టె, ఎలాగైనా డ్రైవ్ లోపల బిగించే కేబినెట్ కోసం తిరగకు. యూఎస్‌బీది తీసుకుని అవసరమైనప్పుడు తగిలించుకో. డిస్కులు మాత్రం జాగ్రత్త, బ్లూరేలో డేటా పై నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది, డీవీడీలో 0.6. పైన గట్టి పూత ఉంది కాబట్టి గీతలు తొందరగా పడవు, కానీ పడితే లోతుగా తగిలినట్టే.

పాతపెట్టె
అందరివీ రెండుసార్లు చదివా. గాజు కేబినెట్టే తీసుకున్నా, లైట్లు ఆఫ్ చేయించా. ప్లేయర్ సాఫ్ట్‌వేర్ ట్రయల్ వేసి అరువు డ్రైవ్‌తో మళ్ళీ చూశా. 12 డిస్కులు పెడితే 11 ఆడాయి, పన్నెండోది ఆ సాఫ్ట్‌వేర్‌కే నచ్చలేదు, టీవీ కింద డబ్బాలో మాత్రం బంగారంలా ఆడుతోంది. నీలికిరణం చెప్పిన మెట్లు ఇంతకాలం నాకు కనిపించలేదు, ఇప్పుడు స్ట్రీమింగ్‌లో అవే కనిపిస్తున్నాయి, సంతోషమా నాయనా నీకు? ఆన్‌లైన్‌లో కొన్నదానికి డబ్బు వెనక్కి అడిగా, చూడ్డం మొదలుపెట్టారు కాబట్టి కుదరదన్నారు. మసగ్గా మొదలుపెట్టానని చెప్పినా వినలేదు. ప్రస్తుతానికి డ్రైవ్ పీసీకే తగిలించి ఉంచా, రోజుకో సినిమా.

మూడో_వరుస
ఎప్పుడూ చదవడమే కానీ రాయను ఇక్కడ. ఆ డ్రైవ్ నాది. రెండు రోజులకని తీసుకెళ్ళావ్, మూడో వారం నడుస్తోంది.

బఫరింగ్_బాబు
అయ్యయ్యో

పాతపెట్టె
ఇంకో 128 మిగిలాయి రా